పోటు గీతకు ఇవతల



సముద్రపు ఒడ్డున సేద్యం చేసేవారికి దొరువు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మెట్ట ప్రాంతపు శ్రోతల కోసం ఒక మాట. ఇసుక నేలలో కొద్ది లోతున గొయ్యి తీస్తే మంచినీరు ఊరుతుంది. ఆ గుంటయే దొరువు. అందులోంచి కడవలతో ముంచి సరుగుడు నారుకూ, కూరగాయలకూ పోసుకుంటారు. కూతవేటు దూరంలో సముద్రం ఘోషిస్తూ ఉంటే ఇక్కడ తియ్యటి నీరెక్కడిది? వాననీరు ఇసుక దిబ్బలో ఇంకి, తనకంటె బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. లెక్క ఏమంటే, సముద్ర మట్టానికి పైన 1 అడుగు మంచినీరు ఉంటే కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుంది. మోటారు పెట్టి ఆ పై అడుగు కాస్తా తోడేశామా, అడుగున ఉప్పునీరు అదే లెక్కన పైకి ఎగబాకుతుంది. దిబ్బను తవ్వి ఇసుక అమ్ముకున్నా అంతే, వాన నిలిచే చోటే పోయింది గదా!

ఇది మన పెద్దలకు అనుభవం మీద తెలుసు. చట్టంలోకి ఎక్కడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

1981 నవంబరులో అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఒక లేఖ వ్రాశారు. పెద్ద పోటు వచ్చినప్పుడు నీరు చేరే గీత నుండి 500 మీటర్ల వరకు ఒడ్డును ఏ కట్టడాలూ లేకుండా విడిచిపెట్టవలెననీ, కోత పడే చోట తగిన చెట్లు నాటవలెననీ దాని సారాంశం. లేఖ లేఖే, శాసనం కాదు. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చిన పిమ్మట, దాని కింద 1991 ఫిబ్రవరి 19న తీరప్రాంత నియంత్రణ ప్రకటన వెలువడింది. అందరూ దానిని హోటళ్ళకూ బంగళాలకూ సంబంధించిన వ్యవహారమనుకున్నారు. కాని నా మట్టుకు నాకు, అందులో రైతుకు పనికివచ్చే ముక్కలు వేరే ఉన్నవి. ఇసుక దిబ్బలు చదును చేయరాదు. పోటు గీతకు 200 మీటర్ల లోపు భూగర్భజలం తోడరాదు. 200 నుండి 500 మీటర్ల నడుమ మామూలు బావులలోంచి, చేతితో మాత్రమే, తాగడానికీ, సేద్యానికీ, చేపల పనికీ తోడుకోవచ్చును. అంటే మన దొరువుకు ఢిల్లీలో గుర్తింపు దొరికినట్లే! ఈ సంగతి ఊళ్ళలో చెప్పినవారు తక్కువ. వ్యవసాయ శాఖ వాళ్ళం, మేమూ చెప్పలేదు.

ఈలోగా రొయ్యల కాలం వచ్చింది. నెల్లూరు మొదలు గోదావరి ముఖాల దాకా వరి మళ్ళు, చవిటి బీళ్ళు చెరువులైనవి. 1994-95లో తెగులు తగిలి చాలామంది దివాలా తీశారు. తమిళనాడులో గాంధేయవాది, భూదాన కార్యకర్త ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకెక్కగా, 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. నియంత్రిత మండలంలో సంప్రదాయ పద్ధతివి తప్ప తక్కిన రొయ్యల చెరువులను 1997 మార్చి 31 లోగా తొలగించాలనీ, సాగుభూములను చెరువులుగా మార్చరాదనీ అన్నది కోర్టు. ఆ గడువు వచ్చింది, పోయింది. పునర్విచారణ అర్జీలు పడ్డవి. చివరకు 2005లో పార్లమెంటు వేరే చట్టం చేసి, తీరపు రొయ్యల పెంపకానికి ప్రత్యేక అథారిటీని నిలబెట్టింది. 1991 నాటి నిషేధం ఈ పెంపకానికి వర్తించదని వెనుకటి తేదీ నుండి సవరణ చేశారు. పోటు గీతకు 200 మీటర్ల లోపు కొత్త చెరువులకు అనుమతి లేదన్నారు, కాని అప్పటికే ఉన్నవాటికి మినహాయింపు ఇచ్చారు. గెలిచినదెవరో మీరే చెప్పండి.

నేను పనిచేసిన ఒక ఊళ్ళో ఇది కళ్ళారా చూశాను. ఒకాయన తన పట్టాలోని దిబ్బను కోసి ఇసుక అమ్మాడు, గోతిలో ఉప్పునీరు నింపి రొయ్యపిల్లలు వదిలాడు. రెండో వేసవికి పక్క చేనిలోని దొరువు చప్పబడింది, మూడో వేసవికి ఉప్పయింది. ఆ చేను ఒక ముసలమ్మది. "అయ్యా, నీళ్ళు నోట్లో పోసుకుని చూడు" అని కడవ నా చేతికిచ్చింది. జిప్సం వేయమని సలహా ఇచ్చి వచ్చాను. చేతనైనది అదే. నిజానికి సాగునీరే ఉప్పుదైన చోట జిప్సం ఏం చేస్తుంది?

ఒడ్డు సంగతి ఇలా ఉండగా, సముద్రపు అడుగు నేలను 1991 ప్రకటన పట్టించుకోనేలేదు. 2011 జనవరి ప్రకటనలో 12 నాటికల్ మైళ్ళ దాకా, అంటే సుమారు 22 కిలోమీటర్లు, నీటినీ దాని అడుగునూ కలిపి నాలుగవ మండలమన్నారు. మత్స్యకారుల వేటకు అడ్డు లేదు. జిల్లాకొక కమిటీ ఉండవలెననీ, కలెక్టరు అధ్యక్షతన కూర్చునే దానిలో తీరపు సంప్రదాయ వృత్తులవారు కనీసం ముగ్గురుండవలెననీ అందులోనే ఉన్నది.

2019 జనవరిలో మళ్ళీ మార్చారు. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్న పల్లెలలో నిషిద్ధ పట్టీ 200 నుండి 50 మీటర్లకు తగ్గింది. తక్కిన పల్లెలలో 200 మీటర్లే. మీ ఊరు ఏ లెక్కలోకి వస్తుందో తీర నిర్వహణ పటం చూస్తే తెలుస్తుంది. పటంలో పోటు గీత ఎక్కడ గీశారో, మీ దొరువు దానికి ఎంత దూరమో ముందు చూసుకోండి. ముసలమ్మ చేను 200 మీటర్ల లోపలే ఉన్నది. ఆ సంగతి ఆమెకూ తెలియదు, ఆనాడు నాకూ తెలియదు.