బషీరాబాదు కందిచేను – పరాయి జన్యువు

సికింద్రాబాదు నుండి వాడీకి పోవు రైలుమార్గము 1874లో ఏర్పడినది. తాండూరు దాటిన పిమ్మట అది కర్ణాటకమున ప్రవేశించుటకు ముందు బషీరాబాదు మండలము మీదుగా పోవును. ఇది కాగ్నా నది పారు ప్రాంతము. నేల క్రింద నాపరాయి, నేలపైన కంది. 1956 నవంబరు 1వ తేదీ వరకు తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్విభజనతో అది తెలుగువారి పాలు వచ్చినది. సరిహద్దు గీత రెండుగా చీల్చినది తాలూకాలనే గాని కందిచేలను కాదు. గుల్బర్గా కందిపప్పునకు 2019లోను, తాండూరు కందికి 2022లోను భౌగోళిక గుర్తింపు వేర్వేరుగా లభించుటను చూచినచో, ఒకే నేలకు రెండు పేర్లు పెట్టినట్లు తోచును.

తాండూరు కంది రుచికి కారణముగా ఆ ప్రాంతపు నల్లరేగడిలోని సున్నపురాతి అంశమును, అట్టపల్గైట్ అను ఒక విధమగు బంకమట్టిని చెప్పుదురు. ఆ పప్పులో మాంసకృత్తులు నూటికి 22 నుండి 24 పాళ్లు. మన ఇండ్లలో పప్పు లేని భోజనమును భోజనముగా లెక్కింపరు గదా! మాంసము తినని కుటుంబములకు ఒంటికి పుష్టి నిచ్చునది ప్రధానముగా ఈ గింజయే. కనుక ఈ గింజ స్వభావమును ఎవరైన మార్చదలచినచో, అది రైతు వ్యవహారము మాత్రమే కాదు. వంటయింటి వ్యవహారము కూడ.

మార్పు అనగానే ఉలికిపడవలసిన పనిలేదు. నేడు మనము తిను కంది అడవికంది కాదు. కాయ పగిలి గింజలు రాలిపోవు అడవిజాతుల నుండి, రాలని మొక్కలను ఏరి ఏరి మన పూర్వులు సాగులోనికి తెచ్చిరి. కంది పుట్టినిల్లు భారతదేశమే. 1972లో పటాన్‌చెరువు వద్ద ఇక్రిశాట్ స్థాపితమైన తరువాత ఈ ఏరివేత శాస్త్రపద్ధతిని సాగినది. ఎండు తెగులును తట్టుకొను ‘మారుతి’ రకము, ఎండు తెగులును వెర్రి తెగులును గూడ తట్టుకొను ‘ఆశ’ రకము అక్కడి కృషి ఫలములే. పిమ్మట కందికి సమీపబంధువగు ఒక అడవిజాతితో సంకరము చేసి, పుప్పొడి పుట్టని మొక్కలను సాధించి, వాని సాయమున సంకర విత్తనములను గూడ తయారుచేసిరి. 2011 నాటికి కంది జన్యుక్రమమంతయు చదివి ప్రకటించిరి. వీనిలో ఏదియు నేటి వివాదమునకు సంబంధించిన జన్యుమార్పిడి కాదు. ఇవన్నియు కందికి కందితోనో, దాని దాయాదులతోనో జరిగిన వియ్యములు.

జన్యుమార్పిడి అనగా వేరు. ఏ వియ్యమునను కలియనేరని జీవి నుండి ఒక జన్యువును తీసి పైరులో ప్రవేశపెట్టుట. కందికి ఇట్టి యోచన ఎందుకు వచ్చినదో బషీరాబాదు రైతును అడుగనక్కరలేదు. పూత సమయమున చేనిలో ఒక గంట నిలిచిన చాలును. శనగపచ్చ పురుగు కాయకు రంధ్రము చేసి, తల లోపల, ఒడలు వెలుపల పెట్టుకొని గింజను తినివేయును. ఏండ్ల తరబడి ఏరినను, ఆ పురుగును గట్టిగా ఎదిరించు కంది రకము సాగుకు దొరకలేదు. ఆ కొరతను రైతు మందు పిచికారితో పూరించుకొనుచున్నాడు.

పురుగును చంపు ఒక సూక్ష్మజీవి మట్టిలోనే ఉన్న సంగతి మాత్రము పాతదే. 1901లో జపానులో ఇషివాతా అను శాస్త్రజ్ఞుడు చచ్చిన పట్టుపురుగులలో దానిని కనుగొనెను. తరువాత పదేండ్లకు జర్మనీలోని తురింజియా సీమలో బెర్లినర్ అను నాతడు పిండిపురుగులో దానినే చూచి, ఆ సీమ పేరు దానికి పెట్టెను. అదియే బాసిల్లస్ తురింజియెన్సిస్. మనవారి నోట ‘బీటీ’. 1938 నాటికే ఫ్రాన్సులో దీనిని పొడిగా చేసి పైరులపై చల్లిరి. పురుగు కడుపులో క్షారగుణ మున్నది. అచ్చట ఈ సూక్ష్మజీవి మాంసకృత్తు కరగి, పేగు గోడపై తనకు తగిన తావును పట్టుకొని, గోడను తూట్లు పొడుచును. మనుష్యుని జీర్ణాశయమున ఆమ్లగుణము. మన పేగునందు ఆ పట్టుకొను తావు లేదు. బీటీ వలన మనకు హాని లేదనువారి వాదమునకు మూలమిదియే. వాదము బలమైనదే. కాని చల్లిన పొడి వానకు కడుగుకొని పోవును. జన్యువును మొక్కలో పెట్టినచో ఆ మాంసకృత్తు గింజలోనే తయారగును. కడుగుటకు వీలులేదు. ప్రశ్న అచ్చటనే పుట్టినది.

మన దేశమున ఈ జన్యువు ప్రత్తితో వచ్చినది. 1997–98లో వరంగల్లు ప్రాంతమున ప్రత్తి పురుగుపాలై, అప్పుల పాలైన రైతులు ఆత్మహత్యలు చేసికొన్న వార్తలు ఇంకను మరపునకు రాలేదు. 2002 మార్చిలో బీటీ ప్రత్తికి కేంద్ర సంఘము అనుమతి నిచ్చినది. కొలది యేండ్లలో ప్రత్తి నేలలన్నియు దానితో నిండిపోయినవి. తొలి సంవత్సరములలో పిచికారీలు తగ్గిన మాట నిజము. ఆ ప్రత్తి వేసిన రైతులలో పురుగుమందు వలన కలుగు విషబాధలు తగ్గినట్లు మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర, తమిళ ప్రాంతముల సర్వేల ఆధారముగా 2011లో ఒక పరిశోధన ప్రచురితమైనది. ఆరోగ్యమనగా తినువాని ఆరోగ్యమే అనుకొనుట మన పట్టణవాసుల పొరపాటు. చేనిలో మందు డబ్బా వీపున మోయువాని ఆరోగ్యము గూడ ఈ లెక్కలోనిదే. తరువాత గులాబిరంగు పురుగు ఆ జన్యువునకు అలవాటుపడినది. రసము పీల్చు పురుగులు పెరిగినవి. డబ్బాలు మరల వీపుల కెక్కినవి.

2006లో వరంగల్లు జిల్లాలో ప్రత్తి తీసిన చేలలో మేపిన గొఱ్ఱెలు చనిపోయినవని కాపరులు మొరపెట్టుకొనిరి. బీటీ ఆకులే కారణమని కొందరు వాదించిరి. జన్యువే కారణమని రుజువు కాలేదని కేంద్ర సంఘము చెప్పినది. మేతలో పురుగుమందు శేషములు, నైట్రేటులు ఉండవచ్చునని దాని అభిప్రాయము. గొఱ్ఱె పోగొట్టుకొన్నవానికి ఈ రెండు ఉత్తరములలో ఏదియు ఊరట కాదు. చచ్చిన వెంటనే నమూనాలు తీసి, బీటీ చేనిలో మేసినవానిని, బీటీ కాని చేనిలో మేసినవానిని పోల్చి చూచియుండినచో, వాదము ఇంతకాలము సాగియుండెడిది కాదని నా తలంపు.

ఇక మన వంటయింటి మాట. ప్రత్తిని తినము గదా అందురు. ప్రత్తిగింజల నూనె వంటనూనెగా అమ్ముడగుచున్నది. ప్రత్తిచెక్క గేదెలకు దాణాగా పోవుచున్నది. అర్జెంటీనా, బ్రెజిల్ దేశముల నుండి దిగుమతి యగు సోయానూనె గూడ అధికభాగము జన్యుమార్పిడి పైరులదే. కాగా ‘మా ఇంట అట్టి ఆహారము తినము’ అని చెప్పగల కుటుంబములు బహు తక్కువ. ఇందు ఒక ఊరట కలదు. శుద్ధిచేసిన నూనెలో మాంసకృత్తు దాదాపు మిగులదు. ఎలర్జీ కలిగించునది మాంసకృత్తే గనుక నూనె వలన ఆ భయము స్వల్పము. పైగా ప్రత్తిగింజలో ప్రకృతియే పెట్టిన గాసిపాల్ అను విషమొకటి కలదు. నూనెను శుద్ధిచేయుట దానిని తొలగించుటకే. కీర్తి రాథోడ్ అను మన దేశపు శాస్త్రజ్ఞుడు అమెరికాలోని టెక్సాస్‌లో ఆ విషము గింజలో పుట్టకుండునట్లు జన్యుమార్పిడితోనే ఒక ప్రత్తిని సాధించెను. 2019లో దానిని ఆహారముగా వాడవచ్చునని అమెరికా ప్రభుత్వ శాఖ ఒప్పుకొన్నది. ఇచ్చట సహజమైనది విషము, మార్చినది ఆహారము. కేసరిపప్పు సంగతి గూడ ఇట్టిదే. దానిని ఏ ప్రయోగశాలయు మార్చలేదు. అయినను తిన్నవారి కాళ్లు పడిపోవుచుండుటచే 1961లో దాని అమ్మకమును నిషేధించిరి.

కాని పప్పు నూనె వంటిది కాదు. పప్పులో మాంసకృత్తు దండిగా కలదు. అందుచే కంది విషయమున మనము ముఖ్యముగా తెలిసికొనవలసినవి రెండు పాత ఉదంతములు. రెండును కంది కులపు గింజలవే.

మొదటిది సోయాబీను. కాయధాన్యములలో మెథియోనిన్ అను అంశము కొరవడును. పశువుల దాణాలో ఆ కొరత తీర్చుటకై అమెరికాలో బ్రెజిల్ నట్ అను గింజ జన్యువును సోయాలో పెట్టిరి. ఆ గింజ సరిపడని మనుష్యుల రక్తముతో పరీక్షింపగా, ఆ గుణమే సోయాలోనికి గూడ వచ్చినట్లు తేలినది. 1996లో ఆ సంగతి ప్రకటించిరి; ఆ సోయా బజారునకు రాలేదు. (కందిలోను ఈ కొరత కలదు. అన్నములో ఆ అంశమున్నది, అన్నములో కొరవడు లైసిన్ పప్పులో నున్నది. పప్పన్నము కలిపి తినుటతో మనవారు ఏనాడో ఈ చిక్కు విప్పుకొనిరి.)

రెండవది ఆస్ట్రేలియాలో బఠాణీ. చిక్కుడు వర్గపు ఒక గింజలోని జన్యువును పురుగు పట్టకుండుటకు బఠాణీలో పెట్టిరి. ఆ గింజ మనుష్యులు నిత్యము తినునదే. పదేండ్ల కృషి. కాని బఠాణీలో తయారైన ఆ మాంసకృత్తు రూపము కొంచెము మారినది. తిన్న ఎలుకల ఊపిరితిత్తులలో వాపు కనబడినది. 2005లో ఆ పని మానివేసిరి. ఆ ఎలుకలు మామూలు గింజలకు గూడ అట్లే స్పందించినవని వేరొక బృందము 2013లో వాదించినది. ఎవరి మాట నిజమైనను, ఒక సంగతి నిలుచును. జన్యువు ఎచ్చటనుండి వచ్చినదని అడిగిన చాలదు; వచ్చిన చోట అది ఏమి తయారుచేసెనని గూడ అడుగవలెను.

వంకాయ విషయమున మన ప్రజలు ఈ ప్రశ్న అడిగిరి. 2009 అక్టోబరులో బీటీ వంగకు కేంద్ర సంఘము అంగీకారము తెలిపినది. దానిపై కేంద్రమంత్రి జైరాం రమేష్ ఏడు నగరములలో బహిరంగ సభలు జరిపించెను. అందు హైదరాబాదు ఒకటి. రైతులు, వైద్యులు, విత్తన వ్యాపారులు ఒకరి మాట నొకరు వినలేనంత గట్టిగా మాటలాడిరి. హైదరాబాదులో జీవకణ పరిశోధన కేంద్రమును స్థాపించిన పుష్ప భార్గవ సుప్రీంకోర్టు తరఫున ఆ సంఘమునకు పరిశీలకుడుగా నుండెను. జన్యుశాస్త్రమునకు వ్యతిరేకి యని ఆయనను ఎవరును అనలేరు. ఆయనయే జరిగిన పరీక్షలు చాలవనెను. 2010 ఫిబ్రవరి 9న మంత్రి ఆ వంగను నిలిపివేసెను. ఎలుకలకు తొంబది దినములు తినిపించి చూచుట యావజ్జీవము తినువారికి చాలునా యను ప్రశ్న ఆనాటి ముఖ్య ప్రశ్నలలో నొకటి. బంగ్లాదేశము 2013లో అనుమతించి, 2014 నుండి ఆ వంగనే పండించుచున్నది. అక్కడ పిచికారీలు తగ్గినవి.

2016లో అమెరికా జాతీయ శాస్త్ర పరిషత్తు తొమ్మిది వందలకు పైగా అధ్యయనములను పరిశీలించి, బజారునందున్న జన్యుమార్పిడి ఆహారములు మామూలు ఆహారములకంటె ఎక్కువ ప్రమాదకరములనుటకు రుజువు లేదని తేల్చినది. దానితోబాటు ఏ గింజకు ఆ గింజయే పరీక్షకు నిలువవలెననియు చెప్పినది. మొదటి మాటను విత్తన వ్యాపారులు తరచు చెప్పుదురు; రెండవ దానిని అంతగా చెప్పరు. కలుపుమందును తట్టుకొను ప్రత్తి విషయము ఇంకను వేరు. దానికి మన దేశమున అనుమతియే లేదు. అయినను ఆ విత్తనములు తెలంగాణమున దొంగచాటుగా అమ్ముడగుచు పట్టుబడుచున్నవి. అచ్చట భయము జన్యువు వలన కాదు. దానితో వాడు గ్లైఫోసేట్ అను మందు వలన. అది క్యాన్సరు కలిగించు అవకాశము కలదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ వర్గీకరించినది.

ఇటీవల కొత్త దారి యొకటి వచ్చినది. 2025 మేలో రాజేంద్రనగరులోని భారత వరి పరిశోధన సంస్థవారి ‘కమల’ వరి వెలువడినది. మన సాంబమసూరి జన్యువులలోనే ఒకచోట దిద్దుబాటు చేసి దానిని సాధించిరి. పరాయి జన్యువు లేదు. అందుచే 2022 నుండి ఇట్టివానికి పాత పరీక్షలలో అనేకము మినహాయించిరి. వంకాయకు ఏడు నగరములలో సభలు జరిగినవి. సాంబమసూరి తినువారెవరిని అడుగనక్కరలేకపోయినది. ఆ దిద్దుబాటు నిరపాయమే కావచ్చును. అడుగకుండుట మాత్రము నాకు నచ్చలేదు.

కందిలో బీటీ జన్యువును ప్రవేశపెట్టు ప్రయత్నములు పటాన్‌చెరువులోను, ఇతర చోట్లను ఏండ్లుగా జరిగినవి. ఏ రకమునకును మన దేశమున సాగు అనుమతి రాలేదు. కాబట్టి బషీరాబాదు చేల నుండి తాండూరు పప్పుమిల్లులకు, అక్కడినుండి మన డబ్బాలలోనికి వచ్చు గింజలో నేడు పరాయి జన్యువు లేదు. ఉండదగినది, పూతకు కాతకు కొట్టిన మందు శేషము. వండుటకు ముందు పప్పును రెండు మూడు నీళ్లు పోసి కడుగుట మన తల్లులు దుమ్ము పోవుటకై నేర్పిన అలవాటు; ఆ శేషములో కొంత గూడ ఆ నీళ్లతోనే పోవును.