ఒకే ప్రాణం, రెండు కొలువులు

అమెరికా, విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా. 1972 చివరి నెలలు. సెంటర్ స్ట్రీట్‌లోని ఆ ఇంట్లో బూట్లు బాగుచేసే సామాను ఒక పక్క, సీసపు సైనికుల బొమ్మలు మరో పక్క. ఇంటాయన పేరు గ్యారీ గైగాక్స్. షికాగోలో ఇన్సూరెన్స్ ఉద్యోగం చేసేవాడు. 1970లో అది ఊడింది. భార్య, అయిదుగురు పిల్లలు. పాత బూట్లకు కొత్త సోల్ వేసి ఇల్లు నడుపుతూ, మిగిలిన పొద్దంతా టైప్‌రైటర్ ముందు కూర్చుని యుద్ధాల ఆటలకు నియమాలు రాసేవాడు.

మన ఏర్గట్ల వాళ్లకు ఇందులో వింతేం కనపడదు. పొద్దంతా పసుపు చేలో వంగిన మనిషే మునిమాపు వేళ బీడీల చాట ముందేసుకుంటుంది. రెండో పని చేస్తుందని ఎవరూ రోజుకు ఇంకో నాలుగు గంటలు కలపరు.

గైగాక్స్ ఇంటికి మిన్నియాపోలిస్-సెయింట్ పాల్ జంట నగరాల నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. డేవ్ ఆర్నెసన్, డేవిడ్ మెగారీ. ఆర్నెసన్ 1971 నుంచి తన స్నేహితులతో 'బ్లాక్‌మూర్' అనే ఆట ఆడిస్తున్నాడు. ఒక కోట, దాని కింద సొరంగాలు. ఇందులో సైన్యాలు లేవు, ఒక్కో ఆటగాడికి ఒక్కో మనిషి. నడిపేవాడు ఎదుట ఏముందో చెబుతాడు, ఆడేవాడు తానేం చేస్తాడో చెబుతాడు, ఫలితం పాచిక తేలుస్తుంది. ఆ రాత్రి గైగాక్స్‌నూ ఆడించారు. ఆడి లేచాక అతనికి పిచ్చి పట్టింది. వారాల్లోనే యాభై పేజీల నియమాలు టైప్ చేశాడు. తొలి పరీక్షకు కూర్చున్నది ఇంట్లోని పిల్లలే, ఎర్నీ, ఎలీస్. పురుగుల్ని, చిన్న రాక్షసుల్ని కొట్టి వాళ్లు సంపాదించింది ఒక పెట్టెడు రాగినాణేలు. మోయడానికే చావుగా ఉంది. పిల్లలకు కోపమొచ్చింది, ఆట మాత్రం వదల్లేదు.

1973 అక్టోబర్‌లో చిన్ననాటి దోస్తు డాన్ కే తన బీమా పాలసీ మీద అప్పు తెచ్చి గైగాక్స్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. 1974 జనవరిలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' బయటికొచ్చింది. చెక్క రంగు అట్టపెట్టె, మూడు చిన్న పుస్తకాలు, వెల 10 డాలర్లు, అచ్చయినవి 1000. ఏడాది తిరక్కుండానే చెల్లిపోయాయి. డాన్ కే ఆ సంబరం ఎక్కువ చూడలేదు. 1975 జనవరిలో గుండెపోటుతో 36 ఏళ్లకే పోయాడు.

ఆ తొలి పెట్టెలోనే ఉంది రెండు కొలువుల తకరారు. మనుషులకు ఒకే క్లాస్. కత్తి పట్టే యోధుడో, మంత్రగాడో, పూజారో. ఎల్ఫ్ జాతివాడికి మాత్రం కత్తీ మంత్రమూ రెండూ ఇచ్చారు. కాకపోతే ఒక సాహసానికి ఒకటే. ఈ వారం యోధుడిగా సొరంగంలోకి దిగితే, బయటపడేదాకా మంత్రం ముచ్చటే ఎత్తకూడదు. మెడ మీదికి కత్తి వచ్చాక కూడా! ఇది కుదరని పని. 1975లో గైగాక్స్, రాబ్ కుంట్జ్ కలిసి తెచ్చిన 'గ్రేహాక్' అనుబంధంలో సరిచేశారు: రెండూ ఒకేసారి వాడుకోవచ్చు, సంపాదించిన అనుభవాన్ని మాత్రం సమంగా పంచాలి.

1978 నాటి ఆట నియమాల పుస్తకం 'ప్లేయర్స్ హ్యాండ్‌బుక్' చేత పట్టుకుని ఏర్గట్లలో ఓ డాబా మీద ఆట కూర్చుందనుకుందాం.

"అన్నా, నాకు కత్తీ కావాలె, మంత్రమూ కావాలె."

"తీస్కో తమ్మీ. గని పాణం లెక్క సగమే ఐతది."

ప్రాణాల లెక్క తేల్చడానికి యోధుడికి పది ముఖాల పాచిక, మంత్రగాడికి నాలుగు ముఖాలది. 7 పడింది, 3 పడింది. కలిపితే 10, సగం చేస్తే 5. తమ్ముడి ఎల్ఫ్ 5 ప్రాణాలతో బయల్దేరాడు. రెండో మెట్టుకు యోధుడికి 2001 అనుభవ పాయింట్లు, మంత్రగాడికి 2501 కావాలి. సగం సగం పోతాయి కాబట్టి రెండూ దాటాలంటే 5002 తేవాలి. పక్కన కత్తి ఒక్కటే పట్టిన దోస్తు 4001కే మూడో మెట్టెక్కి కూర్చున్నాడు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. మొదట్లో మెట్టు మెట్టుకూ కావలసిన పాయింట్లు దాదాపు రెట్టింపవుతాయి. అందుకే వాటా సగమైనా ఎల్ఫ్ వెనకబడేది ఒక్క మెట్టే. ఒక్క మెట్టు వదులుకుని ఏకంగా ఇంకో విద్య! బేరం చవకేనని గైగాక్స్‌కు తెలుసు. కాబట్టే ఎల్ఫ్ ఎంత బలవంతుడైనా కత్తివిద్యలో 7వ మెట్టు దగ్గర ఆపేశాడు. మనిషికైతే మొదటిరోజు నుంచే రెండు పడవల మీద కాళ్లు పెట్టే వీల్లేదు. ఒకటి నేర్చి, వదిలి, రెండోది మొదటి నుంచి మొదలుపెట్టాలి. కొత్త విద్య పాతదాన్ని మించేలోపు పాత విద్య వాడితే ఆ సాహసంలో దక్కే అనుభవం సున్నా. ఇది మరీ పంతులుగారి బెత్తం. నన్నడిగితే 1975 నాటి పంపకమే న్యాయం: రెండు పనులు పట్టావు, కూలి రెండింటికీ పంచుకో.

2000లో వచ్చిన మూడో కూర్పు ఈ గోడలన్నీ కూల్చింది. 2014 నాటి అయిదో కూర్పులో మొదటి మెట్టు అందరికీ ఒకే క్లాస్. రెండో మెట్టు నుంచి ఇంకోటి కలుపుకోవచ్చు, రెండింటికీ కావలసిన గుణాల్లో 13 చొప్పున ఉంటే చాలు. కత్తీ మంత్రమూ రెండూ కావాలనుకునేవాడు ముందు కత్తే పట్టాలి. యోధుడిగా మొదలైతే 10 ప్రాణాలు, బరువైన కవచం వేసే నేర్పు వస్తాయి. మంత్రగాడిగా మొదలైతే 6 ప్రాణాలే, తర్వాత యోధుడి మెట్టెక్కినా ఆ కవచం నేర్పు రాదు.

ఈ కూర్పు మూల నియమాలను, రెండు క్లాసుల లెక్కతో సహా, 2023 జనవరిలో అందరికీ ఉచితంగా వదిలేశారు. పాచికలు లేకపోతే ఫోనే విసురుతుంది. సెలవుల్లో పిల్లల్ని నలుగురిని కూర్చోబెట్టి ఒక్కసారి ఆడించి చూడండి.