ఫోర్‌వీల్ డ్రైవ్ పడకపోవడం (ట్రాక్టర్)

ట్రాక్టర్ ముందు చక్రాలకు ఇంజను శక్తి అందని లోపం. ఎన్టీఆర్ జిల్లా జగ్గయ్యపేట, నందిగామ మెట్టప్రాంతంలో పత్తి, మిర్చి పండే నల్లరేగడి వాన పడితే జిగటగా మారుతుంది. వెనక చక్రాలు జారే ఆ అదనులోనే ఈ లోపం రైతును ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది.

పరిశీలన: లివరును బలవంతంగా లాగరాదు. గేరు పళ్లు ఎదురెదురుగా నిలిచి ఉండవచ్చు. బండిని కాస్త కదిలించి మళ్లీ వేయాలి. అప్పటికీ పడకపోతే ఇంజను ఆపి లివరు రాడ్డు, పిన్నులు చూడాలి. స్విచ్‌తో పనిచేసే రకంలో ఫ్యూజు, వైర్లు, సోలినాయిడ్ పరీక్షించాలి. లివరు పడినా ముందు చక్రాలు లాగకపోతే షాఫ్టు కప్లింగ్ పళ్లు అరిగి ఉండవచ్చు.

జాగ్రత్త: గట్టి రోడ్డుపై ఫోర్‌వీల్ వాడితే గేర్లు బిగుసుకుంటాయి, కొద్దిగా వెనక్కి నడిపితే వదులవుతాయి.