మేధో వైకల్యం - బ్రిటన్‌లో వైద్య సేవలు

మేధో వైకల్యం బాల్యంలోనే మొదలై జీవితాంతం ఉండే స్థితి. కొత్త విషయాలు నేర్చుకోవడం, సొంత పనులు చక్కబెట్టుకోవడం కష్టమవుతాయి. డౌన్ సిండ్రోమ్, కాన్పు వేళ బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం వంటివి కారణాలు. చదవడం, రాయడంలో మాత్రమే ఇబ్బంది కలిగించే డిస్లెక్సియా దీనికి భిన్నం.

వైద్యంలో అసలు చిక్కు నొప్పిని గుర్తించడం దగ్గరే వస్తుంది. మాట రాని మనిషి అన్నం మానేసినా, తల గోడకేసి కొట్టుకున్నా ‘వాళ్ల తీరే అంత’ అని వదిలేస్తారు. పుచ్చిన పన్నో, చెవిలో చీము పట్టడమో, రోజుల తరబడి మలబద్ధకమో ఉండవచ్చు. మలబద్ధకం ముదిరి ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. ఇది క్షమించరాని నిర్లక్ష్యం.

2007లో, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే మెన్‌క్యాప్ సంస్థ ఇలాంటి నిర్లక్ష్యానికి బలైన ఆరుగురి మరణాలను వెలుగులోకి తెచ్చింది. మేధో వైకల్యం ఉన్న పురుషులు ఇతరులకన్నా సగటున 13 ఏళ్లు, స్త్రీలు 20 ఏళ్లు ముందుగా మరణిస్తున్నారని 2013 నాటి విచారణ తేల్చింది.

ఇంగ్లండ్‌లో మేధో వైకల్యం ఉండి 14 ఏళ్లు నిండినవారికి ఏటా ఆరోగ్య పరీక్షలు చేస్తారు. ‘హాస్పిటల్ పాస్‌పోర్ట్’ అనే పత్రంలో రోగి నొప్పిని ఎలా తెలియజేస్తాడో, మాత్ర ఎలా మింగుతాడో, దేనికి బెదురుతాడో రాసి ఉంటుంది. నర్సుకు ఇంతకన్నా పనికొచ్చే కాగితం లేదు.

స్వల్ప మేధో వైకల్యం ఉన్న ఆలివర్ మెక్‌గోవన్ అనే 18 ఏళ్ల యువకుడు 2016లో, వద్దన్నా ఇచ్చిన మందు వికటించి మరణించాడు. అతని తల్లిదండ్రుల పోరాటంతో, వైద్య సిబ్బందికి మేధో వైకల్యంపై శిక్షణ తప్పనిసరి చేస్తూ 2022లో చట్టం వచ్చింది.