దారికి ఆవల నాంపల్లి

1980 ఫిబ్రవరి 16, శనివారం. మధ్యాహ్నం మూడు దాటింది. మీరు హైదరాబాద్ ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు ముందున్నారు. మామూలు రోజుల్లో రిక్షాలూ ఆటోల మధ్య రోడ్డు దాటడమే గగనం. ఇవాళ నడిరోడ్డున నిలబడ్డా అడిగే నాథుడు లేడు. కొట్లు మూసేశారు. జనమంతా ఇళ్లలోనే. పచ్చడి జాడీల మీద దర్భలు వేసి, కడుపుతో ఉన్నవాళ్లను కదలొద్దని కూర్చోబెట్టి, గ్రహణం విడుపు స్నానం కోసం ఎదురుచూస్తున్నారు.

నాంపల్లి వైపు నడవండి. వెలుగు తగ్గుతోంది, కానీ పొద్దువాలినప్పటి ఎరుపు లేదు. ఎండ రంగు వెలిసిపోయింది. గాలి చల్లబడింది. మీ నీడ అంచు మాత్రం కత్తితో కోసినట్టుంది.

తల ఎత్తకండి. పబ్లిక్ గార్డెన్స్‌లో ఏదో ఒక చెట్టు కింద చేరి నేల చూడండి. ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలు రోజూ గుండ్రంగా ఉంటాయి, ఎందుకంటే అవి సూర్యబింబాలే. చిన్న సందు ప్రతిదీ సూర్యుడి బొమ్మను తలకిందులుగా నేలమీద వేస్తుంది. ఇవాళ అక్కడ వందల నెలవంకలు! అరచెయ్యి చాపండి, రెండు మూడు అందులోనూ పడతాయి. చూస్తుండగానే సన్నబడుతున్నాయి.

శివరాత్రి వెళ్లగానే వచ్చిన మాఘ అమావాస్య ఇది. చంద్రుడు మనకూ సూర్యుడికీ నడుమ చేరాడు. ప్రతి అమావాస్యకూ చేరేవాడే గానీ, అతని దారి సుమారు 5 డిగ్రీలు వాలి ఉండటంతో నీడ చాలాసార్లు భూమికి పైగానో కిందుగానో పోతుంది. సూర్యుడు చంద్రుడికన్నా 400 రెట్లు పెద్ద, దూరమూ దాదాపు అన్ని రెట్లే. అందుకే ఆ చిన్న చంద్రుడు అంత సూర్యుణ్ణీ కప్పగలుగుతున్నాడు. ఈ పొందిక ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

పున్నమినాడు భూమి నీడ చంద్రుడి మీద పడితే చంద్రగ్రహణం. చంద్రుడు పైనున్న ప్రతి ఊరికీ అది కనిపిస్తుంది. ఇవాళ్టిది అలా కాదు. చంద్రుడి చిక్కని నీడ నేలమీద సన్నటి దారి పట్టి పరుగెడుతోంది: కార్వార్ తీరం, రాయచూరు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఆపైన ఒడిశా. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ ఆ దారిలోనే ఉంది. అక్కడ రెండు నిమిషాలపాటు పట్టపగలే చీకటి, నల్లని బింబం చుట్టూ తెల్లని కరోనా, అంటే సూర్యుడి వెలుపలి వాతావరణం.

నాంపల్లి ఆ దారికి ఉత్తరాన, కాస్త బయట. ఇక్కడ సూర్యుడి అంచు ఒక్క గీతంత మిగిలింది. కరోనా వెలుగు మొత్తం కలిపినా సూర్యకాంతిలో పది లక్షల వంతు. ఆ గీత ముందు అది కనపడదు. పగలు పగలుగానే ఉంది.

నేలమీద నెలవంకలు అటు తిరిగాయి. విడుపు మొదలైంది.

మబ్బు అడ్డురాకపోతే 2027 ఆగస్టు 2 సాయంత్రం మన నగరంలో పాక్షిక సూర్యగ్రహణం చూడవచ్చు. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదన్నది నిజం, బయటికి రాకూడదన్నది కాదు. అట్టముక్కకు సూదితో బెజ్జం పెట్టి, దాని వెలుగును తెల్లకాగితం మీద పట్టి, పిల్లలకు ఆ బింబం చూపించండి.