అంగడి నీడన కళ: హైదరాబాదు నేర్పిన పాఠం



జలంత్రకోట మొదలు పలాస, టెక్కలి దాకా రోడ్డు పక్కన జాగా ఉన్న ప్రతివారూ కొట్ల గదులు కట్టాలనే చూస్తారు. గదులు కడితే ఊరు బాగుపడుతుందా, ఒట్టి అద్దెలే పెరుగుతాయా? దీనికి జవాబు చరిత్రలో వెదికి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదును ముంచేసింది. వేలాది జనం చనిపోయారు, బస్తీలకు బస్తీలే కొట్టుకుపోయాయి. నగరాన్ని తిరిగి నిలబెట్టడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. చార్మినారుకు ఉత్తరాన పత్తర్‌గట్టి బజారును కట్టించింది ఆ బోర్డే. రోడ్డుకు రెండు పక్కలా రాతి కమానులు, కింద కొట్లు, పైన నివాసాలు. ఎండైనా వానైనా కమానుల నీడన నడిచి బేరం చేసుకోవచ్చు. కొట్లు కట్టి అద్దెకివ్వడం వ్యాపారమే. కాని ఆ కమానులన్నిటినీ ఒకే తీరున, చూడముచ్చటగా నిలబెట్టింది మాత్రం రాతిపనివాళ్ల కళ.

ఆ తరువాత 1935లో మొజాంజాహీ మార్కెట్టు వచ్చింది. ఏడవ నిజాం రెండవ కుమారుడు మొజాంజా పేరు దానికి పెట్టారు. ఆయన బోర్డుకు అధ్యక్షులు, ఉర్దూ కవి కూడాను. ముషాయిరాలు నడిపిన మనిషి పేరు పండ్ల మార్కెట్టుకు ఉండడం మాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది.

కాలక్రమాన ఆ కట్టడం పాడుబడింది. 2018లో మరమ్మతులు మొదలై 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఆ పైన దాని నడిమి ఆవరణలో కవ్వాలీలు, ముషాయిరాలు జరిగాయి. పేరుపడ్డ ఐస్‌క్రీము కొట్లూ అక్కడే సాగాయి. పాట వినవచ్చినవాళ్లు ఐస్‌క్రీము తిన్నారు, ఐస్‌క్రీముకు వచ్చినవాళ్లు పాట విన్నారు. ఒకదానికొకటి ఆసరా అన్నమాట.

లాడ్ బజారు సంగతి ఇంకా ఆలోచించదగ్గది. అక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. లక్కను నిప్పులమీద కరిగించి, గుండ్రంగా వంచి, రాళ్లను ఒక్కొక్కటే అద్దే పని అది. ఆ చేతిపనిని చూసే జనం వస్తారు, జనం వస్తేనే కొట్లకు గిరాకీ. గిరాకీ చూసి అద్దె పెంచుకుంటూ పోతే మొదట వెళ్లిపోయేది ఆ పనివాడే. వాడు పోయాక మిగిలేది ఎక్కడైనా దొరికే సరుకు. అప్పుడు అంత దూరం ఎవడొస్తాడు?

మన పెద్దలు ఈ కిటుకు ఎరిగినవారే. పదిహేనో శతాబ్దంలో ఇస్తాంబుల్‌లో సుల్తాన్ రెండవ మహమ్మద్ కట్టించిన బజారు అద్దె అయా సోఫియా మసీదు వక్ఫుకు చెందేది. అంగడి సంపాదించి పెడితే సమాజం బతికేది.

మన జిల్లాలో బుడితి కంచు ఉంది, పొందూరు ఖద్దరు ఉంది. ఉద్దానంలో కొబ్బరి పీచు, పలాసలో జీడిపప్పు ఉన్నాయి. బతుకుతెరువుకు దూరం పోయే పిల్లలూ ఉన్నారు. అందుచేత గదులు కట్టే శక్తి ఉన్నవారికి మాదొక మనవి. పది గదులు కడితే ఒకటి రెండు చేతిపనివారికి వాళ్లు ఇచ్చుకోగలిగిన అద్దెకు ఇవ్వండి. ఎంతకాలానికో కాగితం మీద రాసివ్వండి. మేడమీద ఒక గది పిల్లల పాటకు, పద్యానికి, బొమ్మలకు వదలండి. వక్ఫు ఆస్తి అయితే దాని షరతులు దాటకుండా, లెక్కలు నలుగురి ముందు పెట్టి చేయాలి.

పదో గది అద్దె కొంత తగ్గవచ్చు. కాని ఆ గది కోసం వచ్చే జనమే మిగతా తొమ్మిదింటినీ నిలబెడతారు. అల్లా మనకు ఆ దూరదృష్టి ప్రసాదించుగాక. ఆమీన్.