డోడోని ఎవరు తినేశారు?

పోయిన ఎపిసోడ్‌లో కోరంగి రేవు నుంచి మారిషస్ చెరకు తోటలకి వచ్చిన మనోళ్ల గురించి చెప్పుకున్నాం కదా. అది విన్నాక చాలామంది డోడో సంగతి అడిగారు.

ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనూ డచ్చివాళ్లే వండుకు తినేశారనుకున్నాను. వాళ్లు ఇక్కడ దిగింది 1598లో. డోడోని ఆఖరుసారి చూసింది 1662లో అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అయితే వాళ్ల పాత కోట దగ్గర తవ్వితే, తిని పారేసిన ఎముకల్లో డోడోవి దొరకలేదు. అంటే వేటాడలేదని కాదు, వేట ఒక్కటే కారణం కాదు. ఈ దీవిలో అంతకుముందు గబ్బిలాలు తప్ప పాలిచ్చే జంతువే లేదు. డోడో ఎగరలేదు, నేలమీదే గూడు, గుడ్డు ఒక్కటే. ఓడల్లో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులకి అంతకంటే ఏం కావాలి?

ఆ తర్వాత పిల్లులూ అడవి పట్టాయి. నాకు బాధనిపించేది మాత్రం ముంగిస కథ. 1899లో ప్లేగు వచ్చింది. ఎలుకల్ని చంపడానికని 1900లో మన దేశపు జాతి ముంగిసల్ని వదిలారు. ఎలుక తిరిగేది రాత్రి, ముంగిస తిరిగేది పగలు. ఇంకేముంది, ఎలుకలు మిగిలాయి, ముంగిసలు పిట్టల మీద పడ్డాయి. పని కోసం తెచ్చింది వీళ్లే, ఇప్పుడు బోనులు పెట్టేదీ వీళ్లే. పెట్టకపోతే మాత్రం కుదరదు. ఇక్కడి గులాబీరంగు పావురాలు 1990 నాటికి అడవిలో ఓ పదో పన్నెండో మిగిలాయి. ఎలుకల్నీ పిల్లుల్నీ ముంగిసల్నీ పట్టి, పావురాల్ని పెంచి వదిలాకే మళ్లీ వందల్లోకి వచ్చాయి.

ఎయిర్ మారిషస్ విమానం తోక మీద తెల్ల పిట్ట బొమ్మ చూశారా? అదీ రాళ్ల సందుల్లో, చెట్ల మొదళ్లలో నేలమీదే గుడ్డు పెడుతుంది, ఒక్కటే.

మొన్న మాహెబూర్ దగ్గరున్న ఈల్ ఓ ఎగ్రెట్ దీవికెళ్లాను. ఎలుకల్నీ పిల్లుల్నీ పూర్తిగా తీసేసిన దీవి అది. అక్కడ ఓ పావురం నా చెప్పుల పక్కనే తాపీగా నడిచిపోయింది. తిరుగుదారిలో చెరకు తోట పక్కన ముంగిస అడ్డం వచ్చింది. ముంగిస కనిపిస్తే మంచిదనేది మా అమ్మమ్మ. అలవాటుగా దణ్ణం పెట్టేశాను.

రూముకొచ్చేసరికి వెనక గుమ్మం దగ్గర పిల్లి. మా వంటాయన చేప తలకాయలు వేసి, "దీన్నీ పట్టుకుపోతారా తమ్ముడూ?" అన్నాడు.